ఇంటి నిధులు – ఇల్లు లేని మనిషి: గృహ పథకాలపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇళ్ల నిర్మాణానికి, నిరాశ్రయుల వసతికి, సమాజాభివృద్ధికి ప్రభుత్వం ఇచ్చే నిధుల స్వరూపాన్ని వివరించగలుగుతారు.
• ఒక పథకంలోని అర్హత నియమాలు ఎవరిని లోపలికి తీసుకుంటాయో, ఎవరిని బయట ఉంచుతాయో గుర్తించగలుగుతారు.
• మంజూరు సంఖ్యలకూ అసలు అవసరానికీ మధ్య తేడాను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• మీ ఊరిలో అమలవుతున్న గృహ పథకాన్ని మీరే సమీక్షించగలుగుతారు.

1. ప్రవేశిక

ఒక పరిస్థితితో మొదలుపెడదాం. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పరిసరాల్లో రాత్రిళ్లు ఫుట్‌పాత్ మీద పడుకునే ఒక మనిషిని ఊహించుకోండి. వయసు యాభై దాటింది. పెళ్లిళ్ల రోజుల్లో వంట మేస్త్రీల దగ్గర గిన్నెలు కడుగుతాడు. మిగతా రోజుల్లో అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వారి వెంట పనికి పోతాడు. ఇల్లు లేని పేదలకు ప్రభుత్వం ఇల్లు ఇస్తుందని ఎవరో చెబితే విని, దరఖాస్తు చేయడానికి వెళ్లాడు. అక్కడ అతణ్ణి అడిగేవి నాలుగు: ఇంటి స్థలం పత్రం, రేషన్ కార్డు, చిరునామా ఉన్న ఆధార్, బ్యాంకు ఖాతా. అతని దగ్గర నాలుగింటిలో ఒక్కటీ సరిగ్గా లేదు.

అదే రోజు అదే వరుసలో మరొకరు నిలబడి ఉన్నారనుకోండి. ఆమెకు ఊళ్లో అరవై గజాల స్థలం ఉంది. అందులో వానకు కారే రేకుల ఇల్లు ఉంది. ఆమె దగ్గర నాలుగు కాగితాలూ ఉన్నాయి. ఆమె దరఖాస్తు ముందుకు సాగుతుంది.

ఇద్దరూ పేదలే, ఇద్దరికీ ఇల్లు అవసరమే. ఆమెకు సాయం అందడంలో తప్పేమీ లేదు. అయితే ఇద్దరిలో ఎవరి అవసరం ఎక్కువ అని అడిగితే మీరు వెంటనే జవాబు చెప్పగలరు. పథకం మాత్రం అందుకు విరుద్ధమైన జవాబు చెబుతోంది. ఈ వైరుధ్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం. అధికారుల నిర్లక్ష్యం, దళారుల అవినీతి వంటి మాటలతో దీన్ని వివరించడం సులువు. కాని ఆ రెండూ లేకపోయినా, నియమాలన్నీ నూటికి నూరుపాళ్లు అమలైనా, ఆ మనిషి ఫుట్‌పాత్ మీదే ఉంటాడు. కాబట్టి మన విమర్శ పథకం అమలుతో ఆగకుండా దాని రూపకల్పన దాకా వెళ్లాలి.

2. నిధుల మూడు పాయలు

మన దేశంలో నివాసానికి సంబంధించిన ప్రభుత్వ నిధులు ప్రధానంగా మూడు పాయలుగా ప్రవహిస్తాయి.

మొదటిది ఇంటి నిర్మాణానికి ఇచ్చే సాయం. గ్రామాల్లో 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన 1996 జనవరి నుంచి స్వతంత్ర పథకంగా నడిచింది. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన – గ్రామీణ్ వచ్చింది. ఇందులో మైదాన ప్రాంతాల్లో ఒక్కో ఇంటికి రూ. 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో రూ. 1.30 లక్షలు ఇస్తారు. పట్టణాలకు 2015 జూన్ 25న ప్రధానమంత్రి ఆవాస్ యోజన – అర్బన్ ప్రారంభమైంది. రాష్ట్ర ప్రభుత్వాలు వీటికి తమ వాటా కలిపి గాని, సొంతంగా గాని వేరే పథకాలు నడుపుతాయి. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు, 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీ ఇటువంటివే.

రెండవది నిరాశ్రయుల వసతి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో పట్టణ నిరాశ్రయుల షెల్టర్లు ఒక విభాగంగా ఉండేవి.

మూడవది సమాజాభివృద్ధి. బస్తీలో నీరు, మురుగు కాలువలు, దారులు, అంగన్‌వాడీ, సంఘాల నిర్మాణం వంటివి దీని కిందికి వస్తాయి. ఇది ఒకే పథకంగా ఉండదు, అనేక శాఖల పద్దుల్లో చెదిరి ఉంటుంది.

ఒక మనిషి జీవితంలో ఈ మూడూ ఒకే దారిలోని మజిలీలు. రాత్రికి తలదాచుకోవడం, తరువాత స్థిరమైన ఇల్లు, ఆ ఇంటి చుట్టూ బతకదగిన బస్తీ. ప్రభుత్వ పద్దుల్లో మాత్రం ఇవి మూడు వేర్వేరు కార్యాలయాలు, మూడు వేర్వేరు లబ్ధిదారుల జాబితాలు. ఒక మజిలీ నుంచి తరువాతి మజిలీకి మనిషిని చేర్చే బాధ్యత ఎవరికీ లేదు. ఈ పాఠంలోని ప్రధాన వాదన ఇదే. మిగతా భాగాల్లో దీన్ని ఒక్కో కోణం నుంచి పరీక్షిద్దాం.

3. స్థలం అనే గడప

పట్టణ ఆవాస్ యోజన తొలి దశలో నాలుగు మార్గాలు ఉండేవి. మురికివాడను ఉన్నచోటే తిరిగి నిర్మించడం, గృహరుణంపై వడ్డీ రాయితీ, భాగస్వామ్యంతో బహుళ అంతస్తుల ఇళ్లు, సొంత స్థలంలో లబ్ధిదారే కట్టుకునే ఇల్లు. ఉన్నచోటే పునర్నిర్మాణానికి కేంద్రం ఇంటికి రూ. 1 లక్ష, చివరి రెండు మార్గాల్లో రూ. 1.50 లక్షలు ఇచ్చింది. ఈ నాలుగింటిలో అన్నిటికన్నా ఎక్కువ మంజూరులు వచ్చింది సొంత స్థలం మార్గంలోనే. పట్టణంలో గజం స్థలం ధర మీకు తెలిసిందే. అంత ఖరీదైన వస్తువు ముందే చేతిలో ఉన్నవారే ఈ నిధులకు ప్రధాన లబ్ధిదారులయ్యారు.

వడ్డీ రాయితీ సంగతి ఇంకా ఆసక్తికరం. ఏడాదికి రూ. 6 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి, రూ. 6 లక్షల రుణం వరకు 6.5 శాతం వడ్డీ రాయితీ ఇచ్చారు. దాని గరిష్ఠ విలువ సుమారు రూ. 2.67 లక్షలు. తరువాత ఈ రాయితీని మధ్య ఆదాయ వర్గాలకూ విస్తరించారు. ఏడాదికి రూ. 12 లక్షల నుంచి రూ. 18 లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి గరిష్ఠంగా సుమారు రూ. 2.30 లక్షల ప్రయోజనం దక్కింది. ఈ అంకెను పై పేరాలోని రూ. 1.50 లక్షల పక్కన పెట్టి చూడండి. నెలకు లక్ష రూపాయలకు పైగా సంపాదించే కుటుంబానికి కేంద్రం నుంచి అందగల సాయం, ఏడాదికి రూ. 3 లక్షల లోపు ఆదాయంతో ఇల్లు కట్టుకునే కుటుంబానికి అందే సాయం కంటే ఎక్కువ. పేద కుటుంబానికి రాష్ట్ర వాటా కూడా కలుస్తుందన్నది నిజమే. అయినా కేంద్ర నిధుల వరకు చూస్తే, రుణం పుట్టించుకోగలిగే స్తోమతే సాయానికి కొలమానమైంది.

తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇచ్చే మొత్తం రూ. 5 లక్షలు. పాత పథకాలతో పోలిస్తే ఇది గణనీయమైన పెంపు. కాని ఇక్కడా మొదటి ప్రాధాన్యం సొంత స్థలం ఉన్నవారికే దక్కింది. స్థలం లేనివారు తరువాతి వరుసలో ఉన్నారు.

గ్రామీణ పథకంలో నియమం కాస్త మెరుగ్గా ఉంది. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో ఆశ్రయం లేని కుటుంబాలు, భిక్షాటనపై బతికేవారు, విముక్తులైన వెట్టి కార్మికులు మొదలైనవారు నేరుగా జాబితాలో చేరతారు. ప్రాధాన్య క్రమంలోనూ ఇల్లు లేనివారే ముందు. స్థలం లేని లబ్ధిదారుకు స్థలం చూపే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. కాగితం మీద ఇది సరైన వరుస. అయితే ఇంటి డబ్బు ఒక పద్దులో, స్థలం మరొక శాఖ చేతిలో ఉన్నప్పుడు ఏమవుతుందో గ్రామాల్లో ఉండే మీకు తెలుసు. జాబితాలో పేరు ముందే ఉంటుంది. స్థలం తేలక ఫైలు వెనక్కి పోతుంది.

ఆలోచించండి: మీ గ్రామంలో లేదా వార్డులో ఇల్లు మంజూరైనవారిలో అప్పటికే సొంత స్థలం ఉన్నవారు ఎందరు? ఈ ప్రశ్న ఒక్కటే పట్టుకుని పది ఇళ్లు తిరిగి చూడండి.

4. వాయిదాల లెక్క

గృహ పథకాల్లో డబ్బు ఒకేసారి ఇవ్వరు. పని జరిగిన కొద్దీ వాయిదాల్లో ఇస్తారు. ఇందిరమ్మ ఇళ్లనే ఉదాహరణగా తీసుకుందాం. బేస్‌మెంట్ పూర్తయితే రూ. 1 లక్ష, మిగిలిన మొత్తం గోడలు పైకప్పు మట్టానికి లేచినప్పుడు, స్లాబు పడినప్పుడు, ఇల్లు పూర్తయినప్పుడు విడతలుగా ఇస్తారు. ప్రతి దశకూ ఫొటో తీసి, ఆ స్థలం గుర్తులతో సహా నమోదు చేస్తారు. కట్టని ఇంటికి బిల్లు తీసుకునే మోసాన్ని అరికట్టడానికి ఈ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది. దీన్ని తీసేయమని ఎవరూ అనరు.

కాని లబ్ధిదారు వైపు నిలబడి ఇదే లెక్క మరొకసారి చదవండి. బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష వస్తుంది. అంటే సిమెంటు, ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలి అన్నీ ముందు తనే పెట్టుకోవాలి. ఆ డబ్బు ఎక్కడిది? చేతిలో ఉన్నవారు ఖర్చు పెడతారు. లేనివారు మహిళా సంఘంలో అప్పు తీసుకుంటారు, లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. అప్పు కూడా పుట్టనివారు మంజూరు పత్రాన్ని ఇంట్లో దాచుకుని ఊరుకుంటారు. పాత ఇల్లు కూల్చి అదే చోట కట్టుకునేవారికి మరో ఖర్చు ఉంటుంది. ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె కట్టాలి. ఈ అద్దె ఏ పథకం లెక్కలోనూ కనిపించదు.

పనిని ముందుగా చూపించమని అడిగే సాయం, ముందుగా కొంత పెట్టుబడి ఉన్నవారికే పూర్తిగా అందుతుంది. మొదటి వాయిదాలో కొంత భాగాన్ని సామగ్రి రూపంలో ముందే ఇస్తే మోసానికి అవకాశం పెద్దగా పెరగదు, పేదవారి అప్పు మాత్రం తగ్గుతుంది. రూపకల్పనలో ఇంత చిన్న మార్పు కూడా ఫలితాన్ని మార్చగలదని గమనించండి.

5. ఇల్లు ఎక్కడ?

స్థలం లేనివారికి ప్రభుత్వమే ఇల్లు కట్టి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు లబ్ధిదారుకు ఉచితంగా ఇచ్చారు. ఈ పథకంలోని రెండు స్థలాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీ మొదటిది. శిథిలమైన పాత ఇళ్ల స్థానంలో, అదే చోట 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో ప్రారంభించారు. అక్కడివారు అక్కడే ఉన్నారు. పనీ, పిల్లల బడీ, ఇరుగుపొరుగూ మారలేదు. రెండవది సంగారెడ్డి జిల్లా కొల్లూరు. ఔటర్ రింగ్ రోడ్డు సమీపంలో ఒకే ప్రాంగణంలో 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇల్లు అంతే పెద్దది, అంతే ఉచితం. కాని నగరం నడిమధ్య ఇళ్లలో పాచిపని చేసే మహిళకు ఆ రెండు చిరునామాలు ఒకటి కావు. తెల్లవారి ఆరు గంటలకు పనిలో ఉండవలసిన మనిషికి రానుపోను ప్రయాణమే ఒక పూట కూలి తినేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు ఇచ్చిన ఒక సెంటు స్థలాల్లోనూ ఇదే సమస్య కనిపిస్తుంది. సెంటు అంటే సుమారు 48 చదరపు గజాలు. 30 లక్షలకు పైగా కుటుంబాలకు, అదీ మహిళల పేరున, ఇంటి పట్టా ఇవ్వాలనుకోవడం చిన్న విషయం కాదు. మూడవ భాగంలో మనం చెప్పుకున్న గడపను నేరుగా తొలగించే ప్రయత్నం అది. అయితే ఊరి మధ్య ఖాళీ భూమి దొరకదు. దొరికిన చోట లేఅవుట్లు వేస్తే చాలా పట్టణాల్లో అవి శివార్లకు చేరాయి. నీళ్లు, దారులు, బస్సు రాకముందే ఇల్లు కట్టుకోమన్నారు.

ఈ సందర్భంలో ఒక తీర్పును గుర్తుచేసుకోవాలి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల గురించి విచారించింది. వారు అక్కడ ఉండడానికి కారణం ఆ చుట్టుపక్కల పని దొరకడమేనని, వారిని తొలగిస్తే జీవనోపాధి పోతుందని, జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమని న్యాయస్థానం అంగీకరించింది. అయినా తగిన నోటీసు ఇచ్చి తొలగించే అధికారం కార్పొరేషన్‌కు ఉందని తేల్చింది. హక్కును గుర్తించిన తీర్పే తొలగింపునూ అనుమతించింది. నలభై ఏళ్ల తరువాత కూడా మన గృహ విధానం ఆ వైరుధ్యంలోనే ఉంది. పేదవాడికి ఇల్లు ఇస్తాం గాని, అతని పని ఉన్నచోట కాదు.

6. షెల్టరు: మజిలీయా, ముగింపా?

ఇప్పుడు మన మొదటి మనిషి దగ్గరికి తిరిగి వద్దాం. అతని కోసం ఉన్నది షెల్టరు. 2010 చలికాలంలో ఢిల్లీలో నిరాశ్రయుల పరిస్థితి సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. ఆహార హక్కు కేసులో భాగంగా న్యాయస్థానం నగరాల్లో షెల్టర్లు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు కూడా అదే దారిలో రూపొందాయి. వాటి ప్రకారం లక్ష పట్టణ జనాభాకు ఒక షెల్టరు ఉండాలి. అందులో కనీసం 100 మందికి, మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున చోటు ఉండాలి. రాత్రిపూటే కాకుండా రోజంతా, ఏడాది పొడవునా తెరిచి ఉంచాలి.

ఈ ప్రమాణాన్ని లెక్కవేసి చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ జనాభా సుమారు 67 లక్షలు. ప్రమాణం ప్రకారం 67 షెల్టర్లు, అంటే 6,700 మందికి చోటు. ఇది ఆనాటి జనాభాకు కావలసిన కనీసం మాత్రమే. తరువాత నగరం పెరిగింది.

దేశం మొత్తం మీద అదే 2011 లెక్కల్లో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలు. వీరిలో పట్టణాల్లో ఉన్నవారు 9.4 లక్షలు, గ్రామాల్లో ఉన్నవారు 8.3 లక్షలు. 2001తో పోలిస్తే మొత్తం సంఖ్య తగ్గింది, పట్టణాల సంఖ్య మాత్రం 7.8 లక్షల నుంచి పెరిగింది. గ్రామంలో బతుకు సాగక నగరానికి వచ్చి, నగరంలో గది అద్దె కట్టలేక వీధిలో మిగిలిన మనిషి ఈ అంకెల వెనుక ఉన్నాడు. వీరి లెక్క 2011 ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కరోజులో తీసినది. రాత్రికో చోట తలదాచుకునే మనిషి ఆ ఒక్క రాత్రి లెక్కకు దొరకకపోవడం ఆశ్చర్యం కాదు.

మార్గదర్శకాల్లో మరో మంచి విషయం ఉంది. షెల్టరులో ఉన్నవారికి గుర్తింపు కార్డు, చిరునామా, ఓటరు కార్డు, రేషన్, పింఛను, బ్యాంకు ఖాతా, పిల్లలకు బడి, చివరికి ప్రభుత్వ గృహ పథకాలు కూడా అందేలా చూడాలని వాటిలో రాసి ఉంది. అంటే షెల్టరు ఇంటికి దారి కావాలన్న ఆలోచన రూపకల్పన చేసినవారికి ఉంది. కాని ఈ వాక్యానికి విడిగా నిధి లేదు, లక్ష్యం లేదు. ఏడాదిలో ఎందరు షెల్టరు నుంచి సొంత ఇంటికో, అద్దె ఇంటికో మారారో ప్రధాన కొలమానంగా ఎవరూ అడగరు. ఎన్ని పడకలు ఉన్నాయి, ఎన్ని నిండాయి అన్నదే నివేదికలో ఉంటుంది. పడకలు నిండడమే విజయమైతే, మనిషి అక్కడినుంచి కదలకపోవడం కూడా విజయం కిందే లెక్క అవుతుంది.

7. సమాజాభివృద్ధి: హైదరాబాద్ నేర్పిన పాఠం

మూడు పాయలను కలిపి నడపడం అసాధ్యమని మీకు అనిపించవచ్చు. మన దగ్గరే ఒక అనుభవం ఉంది. 1967లో హైదరాబాద్‌లో పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. తరువాతి కాలంలో దీనికి యూనిసెఫ్ సహకారం కూడా అందింది. బస్తీలో తిరిగే సమాజ కార్యకర్తలు అక్కడివారితో కమిటీలు, మహిళా మండళ్లు ఏర్పరచారు. బాల్వాడీ, కుట్టు శిక్షణ వంటి చిన్న పనులతో మొదలుపెట్టారు. క్రమంగా అది ఇళ్ల దాకా వచ్చింది. ముందు నివాసులకు ఉన్నచోటే పట్టా ఇచ్చారు. పట్టా చేతికి వచ్చాక బ్యాంకు రుణం సాధ్యమైంది. ఇల్లు ఎలా ఉండాలో నిర్ణయించుకుని, కట్టుకున్నది నివాసులే.

ఇందులో గమనించవలసింది వరుస క్రమం. ముందు నమ్మకం, తరువాత స్థలంపై హక్కు, తరువాత రుణం, చివరికి ఇల్లు. ఇప్పటి పథకాల్లో ఇల్లు ముందు వస్తుంది. బస్తీ, సంఘం, నీళ్లు తరువాత వస్తాయి, లేదా రావు.

ఈ అనుభవాన్ని ఆదర్శంగా చూపి ఊరుకోవడమూ సరికాదు. దీనికీ పరిమితులున్నాయి. బస్తీలో గుడిసె ఉన్నవారికి పట్టా దక్కింది. అదే బస్తీలో అద్దెకున్నవారికి, ఫుట్‌పాత్ మీద ఉన్నవారికి దక్కలేదు. బ్యాంకు రుణం తీర్చగల స్థిరమైన ఆదాయం అందరికీ లేదు. కాబట్టి ఆ పద్ధతిని యథాతథంగా కాపీ చేయడం కాక, అందులోని వరుసను నేర్చుకోవాలి.

8. ఎదురు వాదనలు

మంచి విమర్శ తన వాదనకు వచ్చే అభ్యంతరాలనూ పరిశీలిస్తుంది. ముఖ్యమైనవి మూడు చూద్దాం.

మొదటి అభ్యంతరం: కాగితాలు అడగకపోతే అనర్హులు చొరబడతారు. నిజమే. దానికి పరిష్కారం కాగితాలు రద్దు చేయడం కాదు. కాగితం లేనివారికి దాన్ని సంపాదించి పెట్టే బాధ్యతను పథకంలోనే చేర్చాలి. షెల్టరు మార్గదర్శకాల్లో ఆ మాట ఇప్పటికే ఉంది. దానికి నిధి, గడువు జతచేయాలి.

రెండవ అభ్యంతరం: నిరాశ్రయుల సంఖ్య తక్కువ, ఇరుకు ఇళ్లలో ఉన్నవారి సంఖ్య ఎక్కువ, కాబట్టి నిధులు అటే పోవాలి. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణ గృహ కొరతను 1.878 కోట్లుగా అంచనా వేసింది. అందులో ఇరుకు ఇళ్ల వాటా 1.499 కోట్లు. ఇల్లు లేని కుటుంబాలు 5.3 లక్షలు, అంటే మూడు శాతం కూడా లేవు. ఈ అంకెలు సరైనవే. కాని వీటినే మరోలా చదవవచ్చు. కోటికి పైగా ఇళ్లు మంజూరు చేయగలిగిన దేశానికి 5.3 లక్షల కుటుంబాలు భారం కావు. అవి వెనకబడడానికి ఖర్చు కంటే, ఎవరి లక్ష్యంలోనూ అవి లేకపోవడమే పెద్ద కారణం.

మూడవ అభ్యంతరం: అందరికీ సొంత ఇల్లు ఇవ్వడం సాధ్యం కాదు. ఇది బలమైన వాదన. అయితే సొంత ఇల్లు మాత్రమే ఇల్లు అన్న భావన నుంచే అది పుట్టింది. 2011 లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. మన క్యాటరింగ్ కూలీకి రేపే కావలసింది రిజిస్ట్రేషన్ పత్రం కాకపోవచ్చు. పని దగ్గర, తాళం వేసుకునే ఒక గది, కట్టగలిగే అద్దె చాలు. 2020లో కేంద్రం సరసమైన అద్దె గృహ సముదాయాల పథకాన్ని తెచ్చింది. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన రెండవ దశలోనూ అద్దె ఇళ్లు ఒక మార్గంగా చేరాయి. దిశ సరైనదే. షెల్టరులో ఉన్నవారికి ఆ గదుల్లో వాటా కేటాయిస్తేనే అది మన ప్రశ్నకు జవాబవుతుంది.

9. సారాంశం

గృహ పథకాలు లక్షల కుటుంబాలకు పక్కా ఇల్లు ఇచ్చాయి. ఇంటి పత్రంలో స్త్రీ పేరు చేరింది. గుడిసెకు నిప్పంటుకుంటుందన్న భయం చాలా ఊళ్లలో పోయింది. వీటిని తక్కువ చేయడం ఈ పాఠం ఉద్దేశం కాదు. అయితే స్థలం ఉన్నవారికి ఇల్లు, రుణం పుట్టేవారికి రాయితీ, ముందు ఖర్చు పెట్టగలవారికి వాయిదాలు, దూరం భరించగలవారికి ఉచిత ఇల్లు అన్న నాలుగు గడపలూ కలిసి ఒక పని చేస్తున్నాయి. ఎంత తక్కువ ఉంటే అంత తక్కువ అందేలా నిధుల దారిని మళ్లిస్తున్నాయి. నిరాశ్రయుల షెల్టరు, సమాజాభివృద్ధి ఈ దారికి బయట విడిగా మిగిలాయి.

1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆశ్రయ హక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. హక్కు అంటే అర్హుల జాబితాలో చేరగలిగినవారికే దక్కేది కాదు. అందుకే ఒక గృహ పథకాన్ని సమీక్షించేటప్పుడు ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయన్న ప్రశ్నతో ఆగకండి. దరఖాస్తు కూడా చేయలేక వెనుదిరిగినవారు ఎవరు, ఎందుకు అని అడగండి. రాత్రి బస్టాండులో దిగినప్పుడు అక్కడ పడుకుని ఉన్నవారిని మీరు చూసే ఉంటారు. ఈసారి వారిని చూసినప్పుడు, వారి చేతిలో లేని కాగితం ఏదో, దాన్ని ఇవ్వవలసిన కార్యాలయం ఏదో గుర్తించే ప్రయత్నం చేయండి. మీ ప్రాజెక్టు పని అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. పట్టణ ఆవాస్ యోజన తొలి దశలోని నాలుగు మార్గాలు ఏవి?
2. లక్ష జనాభాకు ఒక షెల్టరు అన్న ప్రమాణం ప్రకారం 12 లక్షల జనాభా ఉన్న నగరంలో కనీసం ఎందరికి చోటు ఉండాలి?
3. ఓల్గా టెల్లిస్ తీర్పులోని వైరుధ్యం ఏమిటి?

నమూనా పరీక్షా ప్రశ్నలు
1. గృహ నిర్మాణ సాయంలో సొంత స్థలం నియమం వల్ల కలిగే పర్యవసానాలను విమర్శనాత్మకంగా చర్చించండి.
2. ఐడీహెచ్ కాలనీ, కొల్లూరు ఇళ్లను పోలుస్తూ, ఇల్లు ఉన్న ప్రదేశానికీ జీవనోపాధికీ గల సంబంధాన్ని వివరించండి.
3. హైదరాబాద్ పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టు అనుభవం నుంచి నేటి పథకాలు ఏమి నేర్చుకోవచ్చు? దాని పరిమితులను కూడా రాయండి.